పై పోర్షన్ వాళ్ళు

ఇల్లందులో రోజారాణి ఉండే బిల్డింగుకు కిన్నెర అపార్ట్‌మెంట్ అని పేరు. కింద బండ్లు పెట్టుకునే జాగా, దాని మీద రెండంతస్తులు, ఆ పైన డాబా మీద సగం మేర కట్టిన ఒక పోర్షన్. లిఫ్ట్ లేదు. వానాకాలం వస్తే మెట్ల గోడలు చెమ్మగిల్లి, సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడి మెట్ల మీద పడేది. ఊడ్చేవాళ్ళు ఊడ్చుకునేవాళ్ళు, తొక్కి పోయేవాళ్ళు తొక్కుకుంటూ పోయేవాళ్ళు. ఎవరికీ పట్టేది కాదు.

రోజారాణి రెండో అంతస్తులో ఉంటుంది. ఆమె నెత్తి మీదే పై పోర్షన్. అందులో వెల్డింగ్ షాపు ఆజం, అతని భార్య ఆతియా, తల్లి గులాబ్ బీ ఉండేవాళ్ళు. బిల్డింగులోని కిటికీ గ్రిల్స్, మెట్ల రెయిలింగు, గేటు అన్నీ ఆజం చేతి పనే. పై పోర్షన్‌కు మునిసిపాలిటీ పర్మిషన్ లేదన్న సంగతి కొన్ననాడు అతనికి బిల్డర్ చెప్పలేదు. తర్వాత తెలిసినా, ఎవరూ అడగలేదు కాబట్టి అతనూ పట్టించుకోలేదు.

రోజారాణి, ఆతియా ఒకే ఏడు ఆ బిల్డింగుకు వచ్చారు. ఇద్దరూ అప్పటికి కొత్త పెళ్ళికూతుళ్ళు. ఒకరి ఇంట్లో ఉప్పు అయిపోతే రెండో ఇంటి డబ్బా తెచ్చుకునేవాళ్ళు, అడగడం కూడా ఉండేది కాదు. రోజారాణి భర్త శ్రీశైలం బొగ్గు గనిలో పనిచేసేవాడు. కూతురు అరుణశ్రీ మూడో తరగతిలో ఉండగా అతనికి కామెర్లు ముదిరి, వరంగల్ దవాఖానాలో చనిపోయాడు. అత్తగారి వైపు వాళ్ళు దినాలు కాగానే వెళ్ళిపోయారు. రోజారాణి వంటింట్లో ఒక మూల కూర్చుని లేవడం మానేసింది.

అప్పుడు పై నుంచి గులాబ్ బీ చాప చుట్టుకుని దిగివచ్చింది. నెలల తరబడి రోజారాణి పక్కనే పడుకుంది. భర్త ఉద్యోగం భార్యకు ఇస్తామని గని ఆఫీసు నుంచి కబురు వస్తే, రోజారాణి నాతో కాదన్నది. గులాబ్ బీ ఆమె చెయ్యి పట్టి గుంజి నిలబెట్టింది.

"ఏం కాదు? నీకు రెండు కాళ్ళు లేవా, రెండు చేతులు లేవా? పిల్లను నేను చూస్త. నువ్వు పో బేటీ. పోయి సంతకం పెట్టిరా."

అలా రోజారాణి గని స్టోరులో చేరింది. కార్మికులకు బూట్లు, చేతి తొడుగులు, యంత్రాలకు బేరింగులు లెక్కచూసి ఇచ్చే పని. అరుణశ్రీ బడి నుంచి నేరుగా పై పోర్షన్‌కే పోయేది. ఆ పిల్ల గులాబ్ బీని నానీ అనేది, తెలుగు పద్యం, ఉర్దూ సామెత ఒకే గొంతుతో అప్పజెప్పేది. రోజారాణి కూడా గులాబ్ బీని ఆతియా పిలిచినట్టే అమ్మీ అని పిలిచేది. కన్నతల్లి ఎప్పుడో పోయింది. ఆ మాట పలకడానికి ఆమెకు వేరే మనిషి లేదు.

అరుణశ్రీ నర్సింగు చదువుకు ఖమ్మం పోయిన ఏడు, గులాబ్ బీ బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేయగలదు గానీ మెట్లు దిగడం ఇక లేదన్నారు డాక్టర్లు. ఆనాటి నుంచి ఆమెకు లోకమంటే డాబా మీది పిట్టగోడ. పొద్దున్నే దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని కింద సందులోకి చూసేది. తండా నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చే మంగ్లిని పై నుంచే కేకేసి బేరం ఆడేది. ఎండాకాలం తునికి పండ్లు, చలికాలం మొదట్లో సీతాఫలాలు. ఆతియా కిందికి పోయి తెచ్చిస్తే, ఒక్కోటి ఒత్తి చూసి మొహం చిట్లించేది.

"పండు నా చేతితోని నేను ఏరుకోవాలె. గింత చిన్న ముచ్చట కూడ అల్లా నాకు లేకుంట జేసిండు" అనేది.

ఒకనాడు రోజారాణి ఆ మాట విని, "నిన్ను కిందికి దించే పూచీ నాది అమ్మీ. మన బిల్డింగుకు లిఫ్ట్ పెట్టిస్త" అన్నది.

ఆతియా నవ్వింది. "మెట్ల మీద బల్బు మార్చనీకే ఎవడూ ముందల పడడు. లిఫ్ట్ పెట్టిస్తదట!"

కానీ రోజారాణి ఆ మాటను వదల్లేదు. ఎన్నడూ మీటింగుకు పోనిది, ఆ ఏడు అసోసియేషన్ ప్రెసిడెంటుగా ఉంటానని తనే చెయ్యెత్తింది. రిటైరైన బడిపంతులు చందర్ సారు మొదటి అంతస్తులో ఉంటాడు. అసోసియేషన్ సెక్రటరీ ఆయనే. "లిఫ్ట్ ఒక్కటేంది రోజమ్మా, బిల్డింగు మొత్తం రిపేరు చేయించాలె. గోడలు చూడు ఎట్ల నెర్రెలిచ్చినయో. ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగు కొట్టినప్పుడల్లా కిటికీలు గడగడమంటున్నయ్" అన్నాడు. రోజారాణి ఇంటింటికీ తిరిగింది. కిరాయికి ఇచ్చి వేరే ఊళ్ళో ఉంటున్న ఓనర్లకు ఫోన్లు చేసింది. డ్యూటీ దిగి వచ్చి, బట్టలైనా మార్చకుండా ఎవరో ఒకరి గుమ్మం ముందు నిలబడేది. ఒప్పించడానికి ఆమెకు ఏడాది పట్టింది. రంగులు, కొత్త పైపులు, కొత్త వాటర్ ట్యాంకు, మెట్ల వెనక లిఫ్ట్. అందరూ సరే అన్న రోజున ఆమె మెట్లు ఎక్కి పైకి పోయి గులాబ్ బీ బుగ్గలు రెండూ పట్టుకుంది.

ఖమ్మం నుంచి సాయికిరణ్ అని ఒక ఇంజనీరు వచ్చాడు. కుర్రవాడు, నెమ్మదస్థుడు. కింద స్తంభాల దగ్గర ప్లాస్టరు చెక్కి చూశాడు. సుత్తిలాంటి చిన్న పరికరం స్తంభానికి ఆనించి టక్కుమని నొక్కి, వచ్చిన అంకె రాసుకున్నాడు. స్లాబుల్లోంచి గొట్టంలాగా కాంక్రీటు ముక్కలు తీయించి సంచిలో వేసుకున్నాడు. చివరికి పై పోర్షన్‌కు పోతే ఆతియా అతన్ని కూర్చోబెట్టి ఛాయ్, ఉస్మానియా బిస్కెట్లు పెట్టింది.

"బాబూ, లిఫ్టుల కుర్చీ పట్టాలె. గింత వెడల్పు" అని గులాబ్ బీ రెండు చేతులూ చాచి చూపించింది. "నేను కూసున్న కుర్చీ కూసున్నట్టే దిగాలె. సమజైందా?"

"అవ్ అమ్మా" అన్నాడు సాయికిరణ్. అతను పైకప్పు వంక, గోడ వంక, మళ్ళీ పైకప్పు వంక చూస్తూ ఉండిపోయాడు. ఛాయ్ చల్లారిపోయింది.

రంజాన్ నెల మొదలైన వారంలో అతను రోజారాణికి ఫోన్ చేసి, ఖమ్మం వచ్చినప్పుడు ఒకసారి ఆఫీసుకు రమ్మన్నాడు. కూతుర్ని చూసినట్టూ ఉంటుందని ఆమె ఆదివారం బస్సెక్కింది. సాయికిరణ్ టేబులు మీద ఎక్స్-రేల మాదిరి ఫొటోలు పరిచాడు.

"మేడం, బ్లాస్టింగుతోని వచ్చిన పగుళ్ళు కావివి. ఏండ్ల సంది నీళ్ళు దిగి లోపల రాడ్లు తుప్పు పట్టినయ్. అయినా స్తంభాలకు చుట్టూ కొత్త రాడ్లు కట్టి కాంక్రీటు పోస్తే బిల్డింగు నిలబడ్తది. గానీ..."

"గానీ ఏంది సార్?"

"ఈ స్తంభాలు రెండు అంతస్తులకు వేసినవి. పై పోర్షన్ తర్వాత ఎక్కించిండ్రు. ఆ బరువు ఇన్నాళ్ళు మోయడమే గొప్ప. అది తీసేస్తేనే మిగిలిన బిల్డింగుకు రిపేరు. అది ఉంచి నేను ఏం చేసినా నిలవదు. లిఫ్ట్ సంగతి అసలే లేదు."

రోజారాణికి కాసేపు అర్థం కాలేదు. పై పోర్షన్ తీసేయడం అంటే ఆమె కళ్ళకు ఇటుకలు కనిపించలేదు. పిట్టగోడ పక్కన కుర్చీ కనిపించింది.

"ఇంకో తొవ్వ లేదా సార్? జర చూడండి. నేను వాళ్ళ కోసమే ఈ పని మొదలుపెట్టిన."

సాయికిరణ్ తల దించుకున్నాడు. "నాలుగు తీర్ల లెక్క కట్టి చూసిన మేడం. మా సార్లకు కూడ చూపించిన. అట్లనే వదిలేస్తే, ముందు కూలేది మీ ఫ్లాటు మీది స్లాబే. ఈ మాట మీటింగుల పెట్టాలె. నేను చెప్పనా?"

"వద్దు. వాళ్ళకు నేనే చెప్పుకుంట. జర టైం ఇయ్యండి."

బస్సులో ఆమె మాటలు కూర్చుకుంటూ వచ్చింది. ఇట్ల మొదలుపెట్టాలె, ఇట్ల చెప్పాలె, పైసలు అందరం కలిసి ఇస్తమని చెప్పాలె, నా ఇంట్లనే ఉండండి అని చెప్పాలె. ఇంటికి చేరేసరికి ఉపవాసం విడిచే వేళ అయింది. మెట్లెక్కి పైకి పోతే, దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు పెట్టి ఉన్నాయి. గులాబ్ బీ ఆమెను చూసి పక్కకు జరిగింది.

"టైముకు వచ్చినవ్. కూసో. ఇంజనీరు ఏమన్నడు? నా కుర్చీ పడ్తదంటనా?"

రోజారాణి ఖర్జూరం నోట్లో పెట్టుకుంది. "ఇంక లెక్కలు చూస్తున్నడు అమ్మీ" అన్నది.

పండుగ పోనీ, ఉపవాసాల్లో ఉన్న మనుషులకు ఈ కబురు ఏం చెప్తాం అనుకుంది. పండుగ వచ్చింది. ఆతియా గిన్నె నిండా షీర్ ఖుర్మా పాయసం తెచ్చి, అరుణశ్రీకి వేరే డబ్బాలో కట్టి ఇచ్చింది. పండుగ పోయింది. అప్పుడు గులాబ్ బీకి జ్వరం. జ్వరం తగ్గాక ఆజం మిగిలిపోయిన గేట్ల పనుల మీద ఊరూరా తిరుగుతున్నాడు, అతను ఉన్నప్పుడు చెప్దాం అనుకుంది. ప్రతిసారీ ఏదో ఒక సాకు దొరికేది, దొరికినందుకు ఆమెకు లోపల హాయిగా ఉండేది, ఆ హాయికి మళ్ళీ ఆమెకే సిగ్గేసేది. ఇంతలో లిఫ్ట్ తలుపు ఎటు తెరుచుకుంటే కుర్చీ తిప్పడం వీలవుతుందో ఆతియా చాక్‌పీసుతో మెట్ల దగ్గర గీసి చూపించింది. రోజారాణి ఆ గీతల మధ్య నిలబడి, "అవ్, ఇటే మంచిగుంటది" అన్నది.

వానలు పడే ముందు ఒక మధ్యాహ్నం, అరుణశ్రీ గదిలో పైకప్పు పెచ్చు ఊడి మంచం మీద పడింది. తలగడ ఉండే చోటనే. పిల్ల ఖమ్మంలో ఉంది కాబట్టి సరిపోయింది. చప్పుడుకు పరుగెత్తుకొచ్చిన వాళ్ళలో ఆతియా కూడా ఉంది. దుప్పటి మీది కాంక్రీటు ముక్కలు చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. తనే చీపురు తెచ్చి ఊడ్చింది. రోజారాణి ఆమె వీపు వంక చూస్తూ నిలబడింది. అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు.

పెచ్చు ఊడిన సంగతి తెలిసి మరునాడు చందర్ సారు సాయికిరణ్‌కు తనే ఫోన్ చేశాడు. ఆ సాయంత్రమే కింద బండ్ల జాగాలో మీటింగు పెట్టాడు. రోజారాణి డ్యూటీ నుంచి వచ్చేసరికి అందరూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ఆజం, ఆతియా కూడా.

"రోజమ్మా, నాకు ఇయ్యాలనే తెలిసింది" అని చందర్ సారు మొదలుపెట్టాడు. ఆయన దాపరికం లేని మనిషి. ఎదుటివాళ్ళ మొహం చూసి మాట్లాడే అలవాటు లేదు. "పై పోర్షన్ తీసేస్తేనే బిల్డింగు ఉంటదట గదా. రంజాన్ నెలలనే నీకు చెప్పిన అన్నడు ఇంజనీరు. ఇన్ని దినాలు ఎందుకు ఆపినవ్? పొల్లకు ఏమన్న అయితే?"

ఆజం తన భార్య వంక చూశాడు. ఆతియా రోజారాణి వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. తప్పు విన్నానేమో, ఈమె కాదంటుందేమో అని ఎదురుచూసినట్టు ఉంది.

రోజారాణి "ఆతియా..." అని ఆగిపోయింది.

"నిజమేనా?"

"చెప్దామనే అనుకున్న. పండుగ ముందల ఎట్ల చెప్పాలె అని..."

"మునిసిపాలిటీ కాగితం లేదు మా దగ్గర. నాకు ఎరుకే" అన్నాడు ఆజం మెల్లగా. "ఎప్పటికైనా ఇది వచ్చేదే. ఎవర్ని ఏమంటం."

ఆతియా మాత్రం కుర్చీలోంచి లేచింది. గొంతు ఎత్తలేదు. "ఇల్లు పోతే పోయింది రోజా. బిల్డింగు కూలి నీ బిడ్డ మీద పడాలె అని నేను కోరుకుంటనా? నువ్వొచ్చి చెప్తే ఇద్దరం కూసోని ఏడ్చేటోళ్ళం. గంతే గదా. రోజూ మా ఇంటికొచ్చి, నా పక్కన కూసోని, నా చేతి కూడు తినుకుంట, లిఫ్ట్ గీటెక్కడ గియ్యాలె అంటే చూపించుకుంట... ఎట్ల మింగుడు పడ్డది నీకు?"

ఆ తర్వాత ఎన్నో రాత్రులు రోజారాణి ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంది. భయపడ్డ అని చెప్పి ఉంటే సరిపోయేదేమో. ఆ ఒక్క మాట ఆనాడు నాలుక మీదికి రాలేదు.

పై పోర్షన్ కూల్చడానికి ఒప్పుకుంటూ కాగితం మీద అందరూ సంతకాలు పెట్టారు. ఆజం కూడా పెట్టాడు. పై పోర్షన్ వాళ్ళకు అందరూ కలిసి ఇవ్వాల్సింది ఇచ్చారు. అందులో ఎవరూ వెనకాడలేదు. రోజారాణి తన ఫ్లాటులో ముందరి గది వాళ్ళకు ఖాళీ చేసి పెట్టింది. పని అయ్యేదాకా ఎవరూ ఆ బిల్డింగులో ఉండడానికి లేదని సాయికిరణ్ చెప్పాక ఆ ముచ్చటా పోయింది. అయినా ఉంటారా అని ఆమె అడగలేదు, ఆతియా అడగనిచ్చేది కూడా కాదు. ఆజంకు అన్న కొడుకైన ఉబేద్ మధిరలో ఫర్నిచర్ దుకాణం నడుపుతాడు. వెల్డింగ్ సామాను అక్కడికే తరలించారు.

గులాబ్ బీని షాపు పనివాళ్ళు ఇద్దరు కుర్చీతో సహా ఎత్తుకుని దించారు. రెండో అంతస్తు దగ్గర రోజారాణి తలుపు తెరుచుకుని నిలబడి ఉంది. ముసలామె "ఆగండ్రి" అన్నది. కుర్చీ దించారు. రోజారాణి ఆమె మోకాళ్ళ దగ్గర కూలబడింది. ఏడ్చింది.

గులాబ్ బీ ఆమె తల మీద చెయ్యి వేసి జుట్టు సర్దింది. "బీపీ గోలీ ఏసుకుంటున్నవా? మర్చిపోతవ్ నువ్వు. పొద్దుగాల ఛాయ్ కంటే ముందల ఏసుకో" అన్నది.

ఆతియా రెండు సంచులు పట్టుకుని వాళ్ళను దాటి కిందికి పోయింది. తలుపు వైపు చూడలేదు. రోజారాణి కిటికీలోంచి ఆటోలో గులాబ్ బీని ఎక్కించడం చూసింది. ఆటో సందు మలుపు తిరిగిందాకా చూసి, తలుపు వేసుకుని, తన సామాను మూటలు కట్టుకోవడం మొదలుపెట్టింది.

కూల్చిన ఇటుకలు, మెలికలు తిరిగిన రాడ్లు చాలా రోజులు సందులోనే పడి ఉన్నాయి. స్తంభాలు లావయ్యాయి. గోడలకు లేత పసుపు రంగు వేశారు. అందరూ తిరిగొచ్చారు. మెట్ల వెనక లిఫ్ట్ వచ్చింది, అందులో చక్రాల కుర్చీ తేలిగ్గా పట్టేంత జాగా పెట్టాడు సాయికిరణ్. రోజారాణి దాన్ని వాడుతుంది. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి మరి. ఎక్కిన ప్రతిసారీ ఏడుస్తుందని కాదు. కొన్నిసార్లు ఏమీ అనిపించదు. అలా ఏమీ అనిపించని రోజు రాత్రే ఆమెకు నిద్ర పట్టదు.

మొదట్లో ఆతియాకు ఫోన్ చేసేది. మోగి మోగి ఆగిపోయేది. పండుగకు మెసేజ్ పెడితే ఒక మొక్కుబడి జవాబు వచ్చేది. అరుణశ్రీతో మాత్రం ఆతియా మాట్లాడేది. "ఆంటీ మంచిగనే ఉన్నదమ్మా, నానీకి నడక ఇంకా తగ్గిందట" అని కూతురు చెప్తే, రోజారాణి ఇంకా చెప్పమన్నట్టు చూసేది. చెప్పడానికి పిల్ల దగ్గరా ఇంకేమీ ఉండేది కాదు.

మొన్న చలికాలంలో ఒక పొద్దున ఆజం దగ్గరి నుంచి ఫోన్ వచ్చింది. "చెల్లె, అమ్మీ పోయింది. నిన్న మట్టి ఇచ్చినం" అన్నాడు. ఎందుకు నిన్ననే చెప్పలేదన్నా అని ఆమె అడగలేదు. అడిగే హక్కు ఉందో లేదో తెలియలేదు. సెలవు పెట్టి, ఖమ్మం పోయి రైలెక్కింది. బోనకల్ దాటాక మిరప తోటలు, పత్తి చేలు వెనక్కి పోతుంటే, ఆతియాను చూడగానే కాళ్ళు పట్టుకోవాలనుకుంది. తిట్టనీ, కొట్టనీ. తిడితే బాగుండు.

మధిరలో ఆ ఇల్లు పట్టాల దగ్గర ఒక సందులో ఉంది. కింద ఇల్లే. గుమ్మానికి మెట్టు కూడా లేదు. చెప్పులు చాలా ఉన్నాయి బయట. లోపల ఆడవాళ్ళు ఖురాన్ చదువుతున్నారు. ఆతియా చిక్కిపోయింది, జుట్టు తెల్లబడింది. రోజారాణిని చూసి లేచి ఎదురొచ్చింది. రోజారాణి చేతులు చాచింది. ఆతియా ఆ చేతులను ఒకసారి పట్టుకుని, వదిలి, చాప చూపించింది.

"రండి. కూసోండి" అన్నది. "ఎంత దూరం నుంచి వచ్చిన్రు. నీళ్ళు తాగుతరా?"

రోజారాణి ఆ మాట విన్నది. పెళ్ళికూతుళ్ళుగా వచ్చిన ఏటి నుంచి నువ్వు, రోజా, ఓయ్ తప్ప ఆ నోట వేరే పిలుపు వినలేదు. పక్కవాళ్ళను అంటున్నదేమో అని ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది కూడా.

"ఆతియా, అమ్మీ చివరికి ఏమన్న..."

"నిద్దర్లనే పోయింది. బాధ పడలె. మీ గురించి అప్పుడప్పుడు అడిగేది" అని ఆతియా నీళ్ళ గ్లాసు అందించింది. తర్వాత ఛాయ్ తెచ్చింది. అరుణశ్రీకి ఉద్యోగం వచ్చిందా అని అడిగింది. మీ ఆరోగ్యం ఎట్లున్నది అని అడిగింది. దగ్గర కూర్చుని, వచ్చిన చుట్టాన్ని ఎలా చూడాలో అలా చూసింది. రోజారాణి క్షమించమని అడగడానికి నోరు తెరిచినప్పుడల్లా, ఆమె ఇంకో బిస్కెట్ తీసుకోమన్నది.

రైలు టైముకు లేచింది రోజారాణి. ఆతియా గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. "పైలంగ పోండి" అని, లోపల ఎవరో పిలిస్తే తిరిగి పోయింది.

ప్లాట్‌ఫారం మీద బెంచీ దొరికింది. కూతురు ఫోన్ చేసింది.

"పోయినవా అమ్మా? ఆంటీ మాట్లాడిందా?"

రోజారాణి కొంగుతో మూతి తుడుచుకుంది. విజయవాడ వైపు నుంచి గూడ్సు బండి వస్తోంది. అది పోయిందాకా ఆగింది.

"మంచిగనే మాట్లాడింది బిడ్డా" అన్నది. "మస్తు మర్యాద జేసింది."

ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఏడ్చింది. అవతల కూతురు ఏమైందని అడుగుతూనే ఉంది.